చల్లని వెలుగులో అయిదువందల కోడిపిల్లలు

మా కరెంటాఫీసు సెక్షన్ ఏఈ చామర్తి త్రిపురాంతకం గారు చెడ్డవాడని నేనెక్కడా అనలేదు. చెడ్డవాడైతే ఒకసారి చెడుపు చేసి ఊరుకునేవాడు. ఆయన మంచివాడు. నాకు మూడుసార్లు మంచి చేశాడు. ఆ మంచి నాకు ఎంతకు పడిందో ఆఖర్న రూపాయలతో సహా చెబుతాను. ఈలోపు పేరు గుర్తుపెట్టుకోండి. ఇంటిపేరు కూడా రాసింది ఎందుకంటే, ఇంకో త్రిపురాంతకం ఎవరైనా ఉంటే పాపం ఆయన్ని తిట్టుకోకూడదని.

నా పేరు పేరం నాసరయ్య. అయిదో తరగతిలో భాగహారం నేర్పిన వారమే బడి మానేశాను. ఆ భాగహారం నలభై ఏళ్ళపాటు నాకెందుకూ పనికిరాలేదు. పనికొచ్చిన ఒక్కసారీ నన్ను ముంచింది.

నిరుడు చలికాలం మొదట్లో గేదెను అమ్మాను. గేదె నా భార్య గురవమ్మది. అమ్మినవాణ్ణి నేను. ఆ డబ్బుతో ఒక్కరోజు వయసున్న నాటుకోడి పిల్లలు అయిదువందలు తెచ్చాను. ముప్పై రోజులు పెంచితే టౌను నుంచి వ్యాపారి వచ్చి పట్టుకుపోతాడు. అంతకుముందు నేను చేసిన రెండు వ్యాపారాల గురించి ఇక్కడ రాయను. గురవమ్మ రాయమంటుంది, అయినా రాయను.

చలికాలంలో కోడిపిల్లకు మొదటి నాలుగు వారాలు తిండికన్నా వెచ్చదనం ముఖ్యం. తల్లికోడి రెక్కల కింద ఎంత వేడి ఉంటుందో అంత వేడి తగలాలి. అయిదువందల పిల్లలకు నలభై తల్లికోళ్ళు కావాలి. అన్ని తల్లులు దొరకరు గనుక పిల్లల్ని పెంచేవాళ్ళందరూ చేసేదే నేనూ చేశాను. మా ఇంటి వెనక పంచలో రేకును గుండ్రంగా దడిలా నిలబెట్టి, లోపల ఊక పోసి, పైన పెద్ద తట్టలు బోర్లించి వేలాడదీసి, వాటి కింద వంద క్యాండిల్ బల్బులు, అంటే వంద వాట్లవి, పది బిగించాను. ఆ పాతకాలపు బల్బు దీపంగా ఉత్త దండగ. తిన్న కరెంటంతా వేడి కిందే పోతుంది. నాకు కావలసింది ఆ వేడే. ఇంట్లో వెలుగు కోసం పెట్టుకున్నవన్నీ ఎల్‌ఈడీ బల్బులే. నాలుగేళ్ళ కిందట, ఎవరూ చెప్పకముందే, నా డబ్బుతో మార్చుకున్నాను. అది కూడా తప్పేనని తర్వాత తెలిసింది.

పిల్లలు దిగిన మర్నాడే ఊళ్ళోకి పథకం దిగింది. పేరు 'చల్లని వెలుగు'. ఇంట్లో ఉన్న పాత బల్బు తెచ్చి ఇస్తే తొమ్మిది వాట్ల ఎల్‌ఈడీ బల్బు ఊరికే ఇస్తారు. తెచ్చిన పాత బల్బును, మళ్ళీ ఎవరూ వాడకుండా, అందరి ఎదుటా పగలగొడతారు. పగిలిన ప్రతి బల్బుకూ వందలోంచి తొమ్మిది తీసేసి, తొంభైఒక్క వాట్లు ఆదా అయినట్టు రిజిస్టరులో రాస్తారు. మా ఊరి లక్ష్యం పన్నెండువందల బల్బులు. అది పూర్తయితే 'నూరు శాతం ఎల్‌ఈడీ గ్రామం' అని బోర్డు ఇస్తారు.

పంచాయతీ ఆఫీసు ముందు షామియానా వేశారు. ఒక బండరాయిని కడిగి, పసుపు రాసి, కుంకుమ బొట్లు పెట్టారు. త్రిపురాంతకం గారు చెప్పులు విప్పి, తూర్పుకు తిరిగి, మొదటి బల్బును కొబ్బరికాయ కొట్టినట్టు కొట్టారు. కొబ్బరికాయ రెండు చిప్పలుగా విడుతుంది. బల్బు అట్లా విడదు. చూపుడువేలికి గాజుపెంకు దిగింది. కట్టు కట్టించుకుని వచ్చి, ఆ వేలు పైకెత్తి ఆయన ప్రసంగించారు.

"ఈనాడు మన గ్రామం చీకటి యుగపు దీపాల నుంచి విముక్తి పొందుతున్నది. ప్రతి వినియోగదారుడూ ఈ మహత్తర లక్ష్యసాధనలో భాగస్వామి కావలసిందిగా తెలియజేయడమైనది."

మూడు రోజుల్లో వచ్చిన బల్బులు నలభైఒకటి. అందులో ముప్పై మాడిపోయినవి. ఏఈ గారు లైన్‌మన్ షేక్ బాజీని పిలిచి కారణం అడిగారు. బాజీ మా వీధివాడే. నన్ను బాబాయ్ అంటాడు.

"ఊళ్ళో అందరూ ఎప్పుడో మార్చుకున్నారు సార్. బిల్లు తగ్గుద్దని వాళ్ళే కొనుక్కున్నారు. పాత బల్బు ఎవురి కొంపలోనూ లేదు."

ఆ సాయంత్రం ఊరిని మళ్ళీ సమావేశపరిచారు. ఏఈ గారి మొహంలో కోపం లేదు, బాధ ఉంది.

"ఆదా అంటే మార్పు. మార్పు నమోదు కాని చోట ఆదా జరిగినట్టు పరిగణించబడదు. పథకం రాకముందే మీ ఇష్టానుసారం మారిపోయి మీరు సంస్థకు పూడ్చలేని నష్టం కలిగించారు. అయినా సంస్థ మిమ్మల్ని క్షమిస్తున్నది. పాత బల్బులు తీసుకురండి."

"లేవు గదండీ," అన్నారు జనం.

"అది మీ స్థాయిలో పరిష్కరించుకోవలసిన విషయం."

జనం వాళ్ళ స్థాయిలో పరిష్కరించుకున్నారు. టౌన్లో ఒక సామాన్ల కొట్టువాడి గోదాములో ఎనిమిదేళ్ళుగా అమ్ముడుపోని పాత బల్బుల పెట్టెలున్నాయి. పదిహేను రూపాయల బల్బు నలభై అయింది. నలభైకి కొని, బండమీద పగలగొట్టి, ఎల్‌ఈడీ తెచ్చుకుని, అదే కొట్టువాడికి అరవైకి అమ్మేవాళ్ళు. వాడు ఎనభైకి అమ్మేవాడు. కొట్టు ముందు 'ఇచ్చట పగలగొట్టుటకు బల్బులు లభించును' అని అట్టముక్క వేలాడదీశాడు. రెండు రోజుల్లో రిజిస్టరు వెయ్యిన్ని తొంభైకి చేరింది. అప్పుడు గోదాము ఖాళీ అయింది. చుట్టుపక్కల మూడు టౌన్లలో ఎక్కడా పాత బల్బు దొరకలేదు. లక్ష్యానికి ఇంకా నూట పది తక్కువ.

అప్పుడే బాజీ నోరు జారాడు. మా నాసరయ్య బాబాయి ఇంట్లో పది బల్బులు నిజంగా వెలుగుతున్నాయని అన్నాడట.

ఏఈ గారు అప్పటికప్పుడు వచ్చారు. పంచలోకి వంగి చూశారు. పది బల్బుల కింద అయిదువందల పిల్లలు పసుపు ముద్దల్లా కలిసి పడుకున్నాయి. ఆయన చూపు బల్బుల మీదే ఉంది.

"వెలుగుతున్నవి," అన్నారు, పోయిన చుట్టం ఎదురైనట్టు. "ఒకటి కాదు, పది."

"అవి దీపాలు కాదండీ. పిల్లలకి కాపు. వేడి కోసం పెట్టినయ్," అన్నాను.

"వెలుగుతున్నదా లేదా?"

"వెలుగుద్ది. దానిదేముంది, వేడెక్కితే వెలుగుద్ది గదా."

"ఇది ఇల్లేనా?"

"ఇల్లే."

"ఇంట్లో వెలిగేది గృహదీపం. నాసరయ్య గారూ, మీరు ఒక ఉన్నత లక్ష్యానికి అడ్డంగా నిలబడి ఉన్నారు. మీ వల్ల ఈ ఊరు నూరు శాతం కావడం లేదు."

"దొరగారూ, వారం రోజుల పిల్లలండీ. చలికి తట్టుకోలేవు," అంది గురవమ్మ.

ఏఈ గారు సంచిలోంచి ఒక ఫారం తీసి ఆమెకు చూపించారు. ఆమెకు చదువు రాదు. అయినా చూపించారు.

"చూడమ్మా. ఇందులో వెలుగు అనే కాలమ్ ఉంది. వాట్లు అనే కాలమ్ ఉంది. వేడి అనే కాలమ్ ఎక్కడైనా ఉందా? లేదు. లేనిదాన్ని నేను పరిగణనలోకి తీసుకోలేను."

బాజీ నిచ్చెన వేసి పది బల్బులూ విప్పాడు. కాలిపోతున్న వాటిని తలగుడ్డలో పట్టుకుని ఒక్కొక్కటీ కిందికి అందించాడు. నా పెరట్లో బట్టలుతికే రాయి మీదే పగలగొట్టారు. పది ఎల్‌ఈడీలు బిగించి నా చేత సంతకం పెట్టించారు. "ఇకనుంచి మీకు నెలకు ఎంత మిగులుతుందో చూడండి," అని నా భుజం తట్టి వెళ్ళారు ఏఈ గారు. ఇది ఆయన నాకు చేసిన మొదటి మంచి.

తెల్లటి వెలుగులో పిల్లలు ఒకదాని మీదికి ఒకటి ఎక్కి గుట్టపడ్డాయి. గుట్ట అడుగున ఉన్నవి ఊపిరాడక పోయాయి. పైనున్నవి చలికి పోయాయి. మేము బొగ్గుల కుంపటి పెట్టాం. పొగకు కొన్ని పోయాయి. ఇంట్లో ఉన్న దుప్పట్లన్నీ దడిమీద కప్పాం. గురవమ్మకు పెరట్లో ఒక పెట్టకోడి ఉంది, దాని కింద తొమ్మిది పిల్లలున్నాయి. అది ఎవరి పథకంలోనూ లేదు గనుక ఆ తొమ్మిదీ హాయిగా ఉన్నాయి.

"దాన్ని చూసి నేర్చుకో," అంది గురవమ్మ.

"ఏం నేర్చుకోను? వాటి మీద కూర్చోనా?"

"గేదెను అమ్మినప్పుడు ఆ సంగతి తెలియాల."

మూడు రోజుల్లో నూట అరవై నాలుగు పిల్లలు పోయాయి. నాలుగోరోజు పొద్దున్నే కరెంటాఫీసుకు వెళ్ళాను. ఏఈ గారు వేలికట్టు మార్పించుకుంటున్నారు.

"ఫిర్యాదు స్వభావం?" అన్నారు.

"బల్బులు చల్లగా ఉన్నయండీ."

"సంతోషం. పథకం పేరే అది."

"పిల్లలు చచ్చిపోతన్నయ్."

"బల్బు వల్ల విద్యుదాఘాతం సంభవించిందా?"

"లేదండీ. చలికి."

"చలి మా పరిధిలోకి రాదు." ఆయన ఫిర్యాదుల పుస్తకం తిప్పి చదివారు. "బల్బు వెలగడం లేదు, బల్బు మిణుకుమిణుకుమంటున్నది, వెలుగు చాలడం లేదు. ఈ మూడిటిలో ఒకటి చెప్పండి. నాలుగోది లేదు."

నేను ఆలోచించాను. వెలుగు చాలడం లేదని చెప్పడం అబద్ధం. కానీ మిగతా రెండూ అంతకన్నా పెద్ద అబద్ధాలు.

"వెలుగు చాలడం లేదు," అన్నాను.

"అట్లా చెప్పండి. అదనపు బల్బులు మంజూరు చేసే అధికారం నాకుంది. ఎన్ని కావాలి?"

ఇదిగో, భాగహారం పనికొచ్చింది ఇక్కడే. పాతది వంద. కొత్తది తొమ్మిది. వందను తొమ్మిదితో భాగించాను. పదకొండు వచ్చింది, ఒకటి మిగిలింది. ఒక్కో పాత బల్బుకు పదకొండు కొత్తవి పెడితే పోయిన వేడి మళ్ళీ వస్తుందని నా లెక్క. పది బల్బులకు నూట పది.

"ఇచ్చినవి పది గాక ఇంకా వంద కావాలండీ," అన్నాను.

ఏఈ గారు నా లెక్క కాగితం చూశారు. తన కాగితం చూసుకున్నారు. మళ్ళీ నా కాగితం చూశారు. ఆయన కళ్ళలో నీళ్ళు తిరిగాయి.

"నాసరయ్య గారూ, ఎంతవరకు చదివారు?"

"అయిదు, సగం."

"మిమ్మల్ని పై చదువులు చదివించని వాళ్ళు దేశానికి అన్యాయం చేశారు."

అప్పటికి నాకర్థం కాలేదు. లక్ష్యానికి నూట పది తక్కువని చెప్పాను కదా. నా పది పోగా సరిగ్గా వంద మిగిలాయి. ఆ వంద నేనే నోటితో అడిగాను.

"సార్, కొత్త బల్బుకి పాత బల్బు రాయాల గదా. బాబాయి దగ్గర ఇంకా పాతవి లేవు," అన్నాడు బాజీ.

"రిజిస్టరులో ఈయన పది బల్బులూ రాసి ఉన్నాయి. వాటి కింద డిటో పెట్టు."

"ఎన్నిసార్లు సార్?"

"వందసార్లు."

బాజీ కూర్చుని వంద డిటోలు పెట్టాడు. మూడు పేజీలు పట్టింది. మధ్యలో రెండుసార్లు చెయ్యి విదుల్చుకున్నాడు. ఏఈ గారు కింద కూడిక వేశారు. ఒక్కో బల్బుకు తొంభైఒకటి చొప్పున నూట పది బల్బులకు పదివేల పది వాట్లు. నేను ప్రతి పేజీ కిందా సంతకం పెట్టాను. పేజీలో ఏముందో చూశాను కూడా. డిటోలు ఉన్నాయి. డిటోలో తప్పు పట్టడానికి ఏముంటుంది? ఇది రెండో మంచి.

నూట పది బల్బులు బిగించడానికి తట్టల కింద చోటు చాలలేదు. పంచ పైకప్పు నిండా తీగలు లాగి, చింతకాయల్లా వేలాడదీశాం. మా పంచ సినిమాహాల్లో ఆట వదిలినప్పుడు ఉన్నట్టుగా అయింది. ఎండు మిరపకాయల తొడిమలు తీసుకునే ఆడవాళ్ళు చేటలు పట్టుకుని మా పంచలోకి వచ్చేశారు. "మీ ఇంట్లో సూదిలో దారం కూడా ఎక్కుద్దమ్మా," అని గురవమ్మను మెచ్చుకున్నారు.

నా భాగహారం తప్పు కాదు. వేడి వచ్చింది. కాకపోతే ఎల్‌ఈడీ బల్బు వేడి కింద గాజుకు రాదట, పైన మెడ దగ్గర ఉంటుందట. అది పైకప్పుకు వెళ్ళింది. ఊళ్ళో బల్లులన్నీ మా పంచ వాసాల మీదికి వచ్చి వెచ్చగా పడుకున్నాయి. కింద పిల్లలకు వేడి చాలలేదు, వెలుగు మాత్రం ఎక్కువైంది. పగలో రాత్రో తెలియక వాటికి నిద్ర కరువైంది. నిద్రలేని పిల్లలు ఒకదాన్నొకటి పొడుచుకోవడం మొదలుపెట్టాయి. డెబ్బై ఎనిమిది పోయాయి.

నేను నూట పదిలో సగం ఆర్పబోయాను. సరిగ్గా అప్పుడే బాజీ పరిగెత్తుకొచ్చాడు.

"ఆర్పొద్దు బాబాయ్. ఏఈ గారు ఫోటోలోళ్ళను తీసుకొస్తన్నారు."

"పిల్లలు పొడుచుకు చస్తన్నయ్ రా."

"ఫోటో అయిందాకా పొడుచుకోనీ. ఎంతసేపు, పావుగంట."

పావుగంట కాదు, గంటన్నర. ఒకే ఇంట్లో పదివేల వాట్లు ఆదా చేసిన ఆదర్శ వినియోగదారుడిగా నాకు శాలువా కప్పారు. ఏఈ గారికి ప్రశంసాపత్రం వచ్చింది. ఊరు నూరు శాతం అయింది. "ఈయన ఒక వ్యక్తి కాదు, ఒక విద్యుత్ కేంద్రం," అన్నారు ఏఈ గారు నన్ను చూపిస్తూ. వాళ్ళు వెళ్ళగానే శాలువా తీసి పిల్లల దడిమీద కప్పాను. మంచి శాలువా. ఓ ఇరవై పిల్లలకు సరిపోయింది.

మర్నాడు ఫోటోతో సహా పేపర్లో పడింది. ఆ పేపరు డివిజన్ ఆఫీసులో తనిఖీ విభాగం మేడం కూడా చదివారు.

మూడోరోజు ఆవిడ జీపులో దిగారు. వెంట రిజిస్టరు ఉంది. ఏఈ గారు పక్కన చేతులు కట్టుకుని నిలబడ్డారు. మేడం కుర్చీలో కూర్చుని, కళ్ళజోడు పెట్టుకుని, నెమ్మదిగా మాట్లాడారు. నా జీవితంలో నాతో అంత మర్యాదగా ఎవరూ మాట్లాడలేదు.

"నాసరయ్య గారూ, మీ ఇంటికి మంజూరైన లోడు ఎంత?"

"రెండు కిలోవాట్లండీ."

"మీరు తీసివేసిన పాత బల్బులు నూట పది. బల్బుకు వంద వాట్లు. అంటే మొన్నటిదాకా మీరు పదకొండు కిలోవాట్లు వాడుతూ ఉన్నారు. తొమ్మిది కిలోవాట్లు అనుమతి లేకుండా వాడారు. ఎన్నేళ్ళ నుంచి?"

"మేడం, నా బల్బులు పదేనండీ. మిగతా వంద డిటోలు."

"డిటో అంటే ఏమిటి?"

"పైనున్నదే కింద కూడా అని."

"పైన ఏముంది?"

"బల్బు."

"అయితే కింద కూడా బల్బే కదా."

నేను ఏఈ గారి వైపు చూశాను. ఆయన పైకప్పు వైపు చూశారు. బల్లులు ఆయన వైపు చూశాయి.

"మీటరు చూడండి మేడం. అన్ని బల్బులు కాలితే మీటరు తిరగదా?" అన్నాను.

"మీటరు వాడిన కరెంటుకు సాక్ష్యం. ఆదా అయిన కరెంటుకు రిజిస్టరు సాక్ష్యం. రెండూ వేరు. ఒకదాన్ని ఇంకోదానితో పోల్చే నిబంధన లేదు."

"నేను పదకొండు కిలోవాట్లు ఎప్పుడూ వాడలేదండీ. దేవుడి మీద ఒట్టు."

"వాడలేదని రాసివ్వండి, అభ్యంతరం లేదు. వాడకపోతే ఆదా చేయలేదన్నమాట. ఆదా చేయకుండా ఆదా చేసినట్టు సంతకాలు పెట్టి ప్రభుత్వ బల్బులు వంద తీసుకున్నారన్నమాట. అది పోలీసు కేసు. వాడాను అంటే మాత్రం అపరాధ రుసుముతో పోతుంది. మీ ఇష్టం. బలవంతం లేదు."

గురవమ్మ నా చెవి దగ్గరికి వచ్చింది. "ఏ మాటకి తక్కువో ఆ మాట చెప్పు."

వాడాను అన్నాను. పదకొండు కిలోవాట్లు వాడాను, తప్పయింది, అని రాసి సంతకం పెట్టాను. అపరాధ రుసుము ముప్పై ఒక్క వేల నూట యాభై అని రాశారు. కట్టేదాకా కనెక్షన్ తీసేయమని చెప్పారు. బాజీ స్తంభం ఎక్కి తీగ విప్పాడు. దిగి నా మొహం చూడకుండా, "డిటో పెట్టమన్నప్పుడే నా చెయ్యి లాగింది బాబాయ్," అన్నాడు.

ఆ సాయంత్రం మబ్బు పట్టి ఈదురుగాలి వీచింది. ఇప్పుడు చల్లని వెలుగు కూడా లేదు, చల్లదనం మాత్రమే ఉంది. చీకటి పడేలోపు యాభై ఒక్క పిల్లలు పోయాయి. రెండువందల ఏడు మిగిలాయి. గురవమ్మ తన పెట్టకోడి కింద ఇంకో ఆరింటిని దూర్చింది. అది లేచి ఆమెను చేతిమీద పొడిచి, మళ్ళీ కూర్చుంది.

"రెండొందల ఒకటి," అంది గురవమ్మ రక్తం తుడుచుకుంటూ. "వీటికేం చేత్తావో చెప్పు."

అప్పుడు నాకు ఊరి మొదట్లో వెలుగు కనిపించింది.

మధ్యాహ్నమే ఊరి పొలిమేరలో బోర్డు నిలబెట్టారు. పన్నెండడుగుల బోర్డు. 'మా గ్రామం నూరు శాతం ఎల్‌ఈడీ గ్రామం. విద్యుత్తును ఆదా చేద్దాం.' బస్సుల్లో వెళ్ళేవాళ్ళకు కనిపించాలని దాని కింద, నేలకు జానెడు ఎత్తులో, పైకి చూస్తూ రెండు దీపాలు బిగించారు. ఎల్‌ఈడీలు కావు. ఆఫీసు స్టోర్సులో ఏనాటి నుంచో పడి ఉన్న పాత ఫోకస్ లైట్లు, ఒక్కోటి వెయ్యి వాట్లు. అది ఆఫీసు కనెక్షన్, ఇల్లు కాదు గనుక పథకం వర్తించదు. సాయంత్రం ఆరింటి నుంచి పొద్దున ఆరింటిదాకా అవి భగభగమంటూ ఉంటాయి. పక్కన నిలబడితే చెమట పడుతుంది.

నేనూ గురవమ్మా రెండువందల ఒక్క పిల్లల్ని గంపల్లో మోసుకెళ్ళాం. బోర్డు చుట్టూ రేకుదడి నిలబెట్టి, శాలువా గాలికి అడ్డం కట్టాం. పిల్లలు మొదట కొంకర్లు పోతూ నిలబడ్డాయి. తర్వాత ఒకటి రెక్కలు చాచింది. కాసేపటికి గుట్ట విడిపోయి, అన్నీ దేనిచోట అది చల్లగా, కాదు, వెచ్చగా పడుకున్నాయి. పన్నెండు రోజుల తర్వాత అవి అట్లా పడుకోవడం మళ్ళీ చూశాను. గురవమ్మ బోర్డుకు జారగిలబడి, గేదె పోయాక మొదటిసారి నాతో మామూలుగా మాట్లాడింది.

"ఈ బోర్డు మీద ఏం రాసుందయ్యా?"

"కరెంటు ఆదా చెయ్యమని."

"మంచిదే. ఉండనీ," అంది.

రోజూ సాయంత్రం తీసుకెళ్ళేవాళ్ళం, పొద్దున తెచ్చేవాళ్ళం. పద్నాలుగు రోజుల్లో ఒక్క పిల్ల పోలేదు. రెక్కలు వచ్చి, వేడి అక్కర్లేని వయసుకు చేరుకున్నాయి. పదిహేనో రోజు పొద్దున గంపలు ఎత్తుతుంటే జీపు ఆగింది. ఏఈ గారు దిగారు. బోర్డు చూశారు, దడి చూశారు, పిల్లల్ని చూశారు. ఆ శాలువా కూడా గుర్తుపట్టారు.

"నాసరయ్య గారూ, ఇది సంస్థ దీపం."

"దీపాన్ని నేను ముట్టుకోలేదండీ. దాని వెలుగు దాని బోర్డు మీదే పడతంది. నేను తీసుకుంది వేడి ఒక్కటే. వేడి మీ కాలమ్‌లో లేదు గదా."

ఆయన మనసులో ఏదో పెద్ద పని జరుగుతున్నట్టు కనిపించింది. అప్పుడు జేబులోంచి ఫారం తీసి, జీపు ముందుభాగం మీద పరిచి, స్కేలు పెట్టి, కుడిపక్క ఖాళీలో పైనుంచి కిందికి ఒక గీత గీశారు. ఆ గీత పైన ఎర్ర సిరాతో గుండ్రంగా రాశారు: 'వేడి'.

"రూల్ ప్రకారం దొంగతనం కేసు రాయాలి," అన్నారు. "కానీ మీ మీద ఉన్న అభిమానం కొద్దీ కాలమ్ సృష్టించాను. రుసుము కట్టేస్తే సరిపోతుంది. ఈ రాష్ట్రంలో ఈ కాలమ్‌లో మొదటి పేరు మీదే."

ఇది మూడో మంచి.

పద్నాలుగు రోజులకు, రోజుకు ఎనభై నాలుగు చొప్పున రాశారు. బాజీ పక్కన నిలబడి, "మొదటి రోజు రాసి కింద డిటో పెట్టమంటారా సార్?" అని అడిగాడు. ఏఈ గారు వాడివైపు చూసిన చూపుకు వాడు జీపు వెనక్కి వెళ్ళి నిలబడ్డాడు.

ఆ కాలమ్ ఇప్పుడు ఫారంలో అచ్చయి వస్తున్నది. ఏఈ గారికి ప్రమోషన్ వచ్చి టౌనుకు వెళ్ళారు. బోర్డు దీపాలు ఇంకా వెలుగుతున్నాయి, ఒకటి మొన్న మాడిపోతే అలాంటిదే తెప్పించి పెట్టారు. మిగిలిన పిల్లల్ని అమ్మగా వచ్చిన డబ్బు దాణా కొట్టువాడికి సరిపోయింది. రుసుము కట్టడానికి గురవమ్మ పెట్టకోడిని, దాని పదిహేను పిల్లల్ని తప్ప, పెరట్లో ఉన్నవన్నీ అమ్మాను. పెట్టకోడి జోలికి వస్తే ఊరుకోనంది.

నాకు పోయింది ఇది: ఒక్కోటి ముప్పై రెండు రూపాయలు పెట్టి కొన్న పిల్లలు రెండువందల తొంభై మూడు, అవి తొమ్మిదివేల మూడువందల డెబ్బై ఆరు. వాడని కరెంటును ఆదా చేసినందుకు ముప్పై ఒక్క వేల నూట యాభై. వేడికి పదకొండువందల డెబ్బై ఆరు. గేదె సంగతి ఇందులో కలపలేదు, అది గురవమ్మ విడిగా చెబుతుంది. మొత్తం నలభై ఒక్క వేల ఏడువందల రెండు రూపాయలు.